మూడు మిల్లీమీటర్ల ఎడం

ఆ ఏడు ముసురు జూన్ తొమ్మిదిన పట్టింది. రేడియోవాళ్లకంటే ముందు మా పెద్దమ్మే ఆ సంగతి చెప్పింది. పొద్దున్నే పనిగదిలోకి వచ్చి, ముందు రోజు దొంతర పెట్టిన అట్టల మీద అరచెయ్యి ఆనించి కాసేపు అలాగే ఉండి, "వచ్చేసింది. ఇవాళ్టి నుంచి కాగితం మన మాట వినదు," అంది.

తడిగాలికి కాగితం ఉబ్బుతుంది. చూస్తే తెలియదు. కానీ మేము చేసే పనికి వెంట్రుకవాసి తేడా కూడా తేడాయే. ఆల్బముల అట్టల మీద, మిఠాయి పెట్టెల మూతల మీద, సారా సీసాల చీటీల మీద బంగారు రంగు రేకూ వెండి రేకూ అద్దే పని మాది. వేడెక్కిన ఇత్తడి అచ్చు రేకును అట్టకు అదిమిపెడుతుంది. మిషను దవడ తెరుచుకున్నప్పుడు అట్ట పెట్టాలి, మూసుకునేలోపు చెయ్యి తీసేయాలి. అట్ట అంచు ఎక్కడ ఆగాలో చెప్పడానికి రెండు చిన్న ఇత్తడి బిళ్లలుంటాయి. వాటిని గురి బిళ్లలంటాం. ముసురు ఉన్నన్నాళ్లూ రోజూ పొద్దున వాటిని కాస్త అటో ఇటో జరిపి సరిచూసుకోవాలి. ఎంత జరపాలన్నది కొలబద్ద చెప్పదు. పెద్దమ్మ అరచెయ్యి చెప్పేది.

సుమిదా నదికి ఇవతల, రెండు సందుల లోపల ఉంది మా ఇల్లు. కింద పనిగది, దాని వెనక వంటిల్లు, పైన రెండు గదులు. పెదనాన్న తొకుజో గారిది పెద్ద మిషను, పెద్దమ్మ కినుయోది చిన్న మిషను. ముప్పై నాలుగేళ్లుగా ఒకరికొకరు వీపులు తిప్పి పనిచేస్తున్నారు. కబుర్లన్నీ అలా వీపులతోనే. నేను కొండల్లో, అన్ని తరగతులకీ కలిపి పదకొండు మందే ఉన్న బడిలో చదువుకుని, నాలుగేళ్ల కింద వాళ్ల దగ్గరికి వచ్చాను. అట్టకీ అట్టకీ మధ్య పల్చటి కాగితం పరవడం, కట్టలు కట్టడం నా పని. మాట్లాడే అవసరం పెద్దగా ఉండేది కాదు. చూస్తూ ఉండేదాన్ని.

ముసురు పట్టిన నాలుగో రోజో ఐదో రోజో, పెద్దమ్మ పేటలో అందరికీ ఉన్న స్నానాలశాలకి వెళ్లి రాలేదు. రోజూ ఐదింటికి వెళ్లి ఆరు కాకుండానే వచ్చేస్తుంది. ఆరున్నరయింది. పెదనాన్న రేడియోలో బేస్‌బాల్ వింటున్నారు. "ఎవరితోనో కబుర్లలో పడుంటుంది," అన్నారు రేడియో మీంచి చూపు తిప్పకుండా. నేను గొడుగు తీసుకుని బయల్దేరాను.

టోఫూ కొట్టు మూల మీద, చూరు కింద నిలబడి ఉంది. చేతిలో చిన్న బేసిను, మెడలో తువ్వాలు. తల తడి ఆరిపోయింది. అంటే చాలాసేపట్నుంచి అక్కడే ఉంది.

"పెద్దమ్మా, ఇక్కడున్నావేం?"

నన్ను చూసి ఆమె మొహం వెలిగింది. ఆ వెంటనే సిగ్గుపడింది. "వాన తగ్గాక వద్దామనీ..."

వాన చినుకులే. నేను గొడుగు పట్టుకుని పక్కన నిలబడ్డాను. ఆమె అడుగు వెయ్యలేదు. ఎదురుగా ఉన్న మూడు సందుల్నీ ఒకదాని తర్వాత ఒకటి చూసింది.

"ఏ సందో తేలటం లేదే, మినే," అంది నెమ్మదిగా. "అన్నీ ఒక్కలాగే ఉన్నాయి."

చెయ్యి పట్టుకున్నాను. రెండో సందులోకి తిరగ్గానే ఆమె నడక మామూలైంది. మా గుమ్మం ఇంకో నాలుగిళ్ల దూరంలో ఉండగా ఆగింది.

"మీ పెదనాన్నకి చెప్పకు."

"డాక్టరుకి చూపిస్తే..."

"చూపిస్తే పేరు పెడతాడు. పేరు పెట్టాక మీ పెదనాన్న నన్ను మిషను దగ్గర నుంచోనివ్వడు. వేడి అచ్చు, చెయ్యి పడుతుందంటాడు. నిజమే మరి, పడుతుంది." బేసిను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. "వంట నాకు ఎప్పుడూ సరిగ్గా రాలేదు. పిల్లలు కలగలేదు. నాకు వచ్చిందల్లా అదొక్కటే. అదీ తీసేసుకుంటే నేనింక ఏం మనిషిని చెప్పు?"

చెప్పనన్నాను.

ఆ రోజు నుంచి నాకు ఇంకో పని తగిలింది. బియ్యం వెయ్యకుండా స్విచ్చి నొక్కిన కుక్కరులో బియ్యం వెయ్యడం. వెండి రేకు ఎక్కించాల్సిన చోట బంగారు రేకు చుట్ట ఎక్కిస్తే, ఆమె టీకి లేచినప్పుడు మార్చేయడం. మిషను మీద కూర్చోబెట్టాల్సిన అచ్చు ఫ్రిజ్‌లో దొరికింది ఒకసారి, ముల్లంగి ఊరగాయ పక్కన. తీసి తుడిచి దాని చోట పెట్టాను. ఆమెకి తెలిసేది. ఎప్పుడూ ఏమీ అనేది కాదు. ఆ పూట నా గిన్నెలో ఒక చేపముక్క ఎక్కువ పడేది, అంతే.

అయితే చేతులకి మాత్రం ఏమీ కాలేదు. మిషను ముందు నిలబడితే ఆ చేతులు వాటంతటవి వెళ్లొచ్చేవి.

జూన్ నెలాఖర్లో ఆ ఆల్బమ్ పని వచ్చింది. తెచ్చినవాడు ప్రింటింగు కంపెనీ మనిషి కుసుమొతో. మెడా భుజాలూ కలిసిపోయిన భారీ మనిషి, ఎప్పుడూ చెమటలు తుడుచుకుంటూ ఉంటాడు. వాన నీళ్లు కారుతున్న ప్లాస్టిక్ కప్పిన పెట్టెలు ఒక్కొక్కటీ దింపి, గుమ్మం బయటికి ఒకసారి తొంగిచూసి, గొంతు తగ్గించాడు.

"ఇద్దరు సింగర్లు కలిసి చేసిన ఆల్బమండీ. సెప్టెంబరు దాకా గుట్టు. ఒక్క ముక్క బయటికి పొక్కినా నా మెడ తెగుతుంది."

"తెగడానికి నీకు మెడేదయ్యా?" అన్నారు పెదనాన్న.

"ఉండేదండీ, పెళ్లిలో ఫొటో కూడా తీశారు."

పెద్దమ్మ నవ్వింది. కుసుమొతో వెనకాలే ఒకమ్మాయి లోపలికి వచ్చింది. సన్నగా, ముప్పై ఏళ్లుండొచ్చు. తడిసిన చెప్పులు గుమ్మం దగ్గర సర్ది పెట్టి వంగి దణ్ణం పెట్టింది. పేరు అరిమురా. ఆల్బమ్ బొమ్మ గీసిందీ, అట్టపెట్టె మడతలు వేసిందీ ఆవిడేనట. బొమ్మలు గీసేవాళ్లు మా ఇంటిదాకా రారు. కుసుమొతో చేతిలో కాగితం పెట్టి పంపేస్తారు. ఈవిడ తనే చెప్పాలని వచ్చింది.

బల్ల మీద రెండు నమూనా అట్టలు పెట్టింది. మెత్తటి, నూలు బట్టలాంటి తెల్లటి అట్ట. ఎడమ అట్ట మీద పెన్సిలుతో గీసినట్టు ఒక చెయ్యి, ఆ వేళ్ల మధ్య నుంచి వెండి దారం బయల్దేరి అంచుదాకా పోతుంది. కుడి అట్ట మీద చెయ్యి లేదు. ఒక్క వెండి దారమే, ఈ అంచు నుంచి ఆ అంచుకి.

"ఎడమ కవర్లో సేనా గారి పాటల సీడీ, కుడి దాంట్లో యురినో గారి పాటల సీడీ ఉంటాయి," అంది అరిమురా. "రెండూ పక్కపక్కన పెడితే దారం కలవదండీ. కుడివైపుది మూడు మిల్లీమీటర్లు కిందికి ఉంటుంది. అది కావాలనే."

పెదనాన్న కళ్లజోడు సవరించుకున్నారు. "కలపకూడదా?"

"కలపకూడదు."

"ముప్పై నాలుగేళ్లుగా అందరూ మమ్మల్ని కలపమనే చంపుకు తిన్నారమ్మా," అంది పెద్దమ్మ. "వెంట్రుకంత తేడా వస్తే ఈ కుసుమొతో పెట్టెలు పెట్టెలు వెనక్కి తెచ్చాడు. ఇప్పుడు కలిస్తే తప్పా! విడ్డూరంగా లేదూ?"

అరిమురా నవ్వలేదు. "యురినో గారు పోయిన శీతాకాలంలో చనిపోయారండీ. పాడి ఉంచినవి కొన్ని మిగిలాయి. వాటికి సేనా గారు జత కలిపారు. ఇద్దరూ ఒక గదిలో కూర్చుని పాడింది లేదు. ఆవిడ రమ్మన్న రోజు సేనా గారు వెళ్లలేకపోయారు. అందుకని నేను మొదట దారం కలిపి గీసి చూపిస్తే, చాలాసేపు చూసి, 'ఇది అబద్ధం,' అన్నారు. 'మేం కలుసుకున్నట్టు గీయకండి,' అన్నారు. ఈ ఎడం పెట్టాకే ఆల్బమ్‌కి ఒప్పుకున్నారు."

పెద్దమ్మ కుడి అట్టని చేతిలోకి తీసుకుని దారం మీద బొటనవేలు నడిపింది.

"పాపం," అంది. "సరేనమ్మా. కలపం."

వాళ్లు వెళ్లాక పెదనాన్న ఒక చీటీ మీద పెద్ద అక్షరాలతో రాశారు: 'కుడి అట్ట మూడు మి.మీ. కిందికి. ఇది తప్పు కాదు.' దాన్ని పెద్దమ్మ మిషను మీద, ఆమె కళ్లకి ఎదురుగా అంటించారు. ఈమధ్య ఆయన అలా చీటీలు చాలా రాస్తున్నారు. గ్యాసు పొయ్యి దగ్గర ఒకటి, వాకిలి తలుపు మీద ఒకటి. వయసొచ్చి తనకే మతిమరుపనీ, తన కోసమేననీ చెప్పేవారు.

ఎడమ అట్టలు పెదనాన్న నాలుగు రోజుల్లో పూర్తి చేశారు. కుడివి మూడు వేలు పెద్దమ్మవి. ఆమె మొదలుపెట్టాల్సిన రోజునే పెదనాన్న చీబాలో వాళ్లన్నగారి ఏడో ఏటి కర్మకి వెళ్లాల్సి వచ్చింది. ముందు రోజు సాయంత్రం తనే అచ్చు బిగించి, గురి బిళ్లలు పెట్టి, రెండు అట్టలు తీసి సరిచూశారు. పొద్దున నల్ల సూటు వేసుకుని బూట్లు తొడుక్కుంటూ గుమ్మం దగ్గర నుంచి అరిచారు.

"ఏమోయ్! కిందికి. మూడు. గుర్తుందా?"

"పసిపిల్లననుకున్నారా ఏమిటండీ? రైలు పోతుంది, వెళ్లండి."

ఆ రోజు వాన ధార కట్టింది. పెద్దమ్మ అట్టల మీద చెయ్యి ఆనించింది, రోజూలాగే. గురి బిళ్లలు కాస్త జరిపింది. ముసురులో రోజూ జరిపేదే కదా, నేను అడగలేదు. ఒక అట్ట తీసి, మిషను పక్కన గోడకి ఆనించి పెట్టుకున్న ఎడమ అట్టతో జతచేసి చూసుకుని తృప్తిగా తల ఊపింది. మిషను దవడ తెరుచుకోవడం, మూసుకోవడం మొదలైంది. నేను పల్చటి కాగితాలు పరుస్తూ కూర్చున్నాను.

పదింటికి ఆమె టీ కాచడానికి వంటింట్లోకి వెళ్లింది. ఎందుకో తెలియదు, ఆమె అలా వెళ్లగానే నేను లేచి, దొంతర మీంచి ఒక కుడి అట్ట తీసి ఎడమ దాని పక్కన పెట్టాను.

దారం కలిసింది.

ఎక్కడ అతికిందో కూడా కనిపించనంతగా కలిసింది. మిషను మీద పెదనాన్న అంటించిన చీటీ లేదు. చెత్తబుట్టలో, నాలుగు మడతలు పెట్టి ఉంది. పాత పని తాలూకు చీటీ అనుకుని తీసేసి ఉంటుంది. అప్పటికి ఆరేడు వందలు అయ్యాయి.

వంటింట్లో కప్పుల చప్పుడు. నాకు అలవాటైన దారి ఒక్కటే ఉంది. గబగబా వెళ్లి గురి బిళ్లలు మూడు మిల్లీమీటర్లు దించాను. చీటీ సాపు చేసి మళ్లీ అంటించాను. పోయినవి పోయాయి, మిగతావైనా దక్కుతాయి, పెదనాన్నకి ఏదో ఒకటి చెప్పుకోవచ్చు అనుకున్నాను. నా చోట కూర్చుని కాగితాలు చేతిలోకి తీసుకునేసరికి ఆమె టీ తెచ్చింది.

టీ తాగాం. ఆమె లేచి ఒక అట్ట పెట్టింది, తీసింది, ఎడమ దాని పక్కన పట్టుకుంది. నాలుక చప్పరించింది.

"చూశావా! పది నిమిషాలు వదిలేస్తే గురి జారిపోయింది. ఈ ముసురు ఇల్లు గుల్ల చేసేలా ఉందే."

చీటీ కేసి చూసింది. చదివింది కూడా. చదివి, ఆ మాటలు ఎవరో పక్కింటివాళ్లకి రాసిన ఉత్తరంలా అనిపించాయేమో, మెల్లిగా పీకి పక్కన పెట్టింది. తర్వాత గురి బిళ్లలు పైకి జరిపింది. కొలబద్ద తీసుకోలేదు. రెండుసార్లు వేలి గోటితో తట్టింది, అంతే, సరిగ్గా మూడు మిల్లీమీటర్లు. ఆ చేతులు అంత ధీమాగా కదలడం నేను ఎన్నడూ చూడలేదు.

"పెద్దమ్మా," అన్నాను.

"ఊ?"

ఆమె తల తిప్పలేదు. దవడ మూసుకుంటోంది. ఏదో పాట కూనిరాగం తీస్తోంది, ముక్కుతో.

"టీ ఇంకొంచెం పొయ్యనా?"

"పొయ్యి."

ఎప్పుడు చెప్పినా ఒకటేనని అప్పట్లో నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఒకటి కాదు. వెయ్యి దగ్గరైనా చెప్పివుంటే రెండు వేలు దక్కేవి. ఆ రోజంతా ఒక్కో అట్టా నా చేతిలోంచే పోయింది. ఒక్కో దాని మీదా కాగితం పరిచింది నేనే. మూడు వేలూ.

సాయంత్రం పెదనాన్న కర్మలో పంచిన మిఠాయి పెట్టెతో వచ్చారు. పాలిథిన్ సంచిలో తడి గొడుగు. కట్టలు కట్టి వరసగా పేర్చి ఉన్న అట్టలు చూసి గుమ్మంలోనే ఆగిపోయారు.

"అన్నీ అయిపోయాయా?"

"మీరొచ్చేలోపే." పెద్దమ్మ చేతులు ఏప్రనుకి తుడుచుకుంటూ నిలబడింది. "ముసలిదైపోయింది, రెండు రోజులు పడుతుందనుకున్నారు కదూ?"

"రెండున్నర అనుకున్నాను," అన్నారు పెదనాన్న. ఆయన మొహంలో ఏదో బరువు దిగినట్టుంది. "ఇంకా కుర్రదానివేనోయ్ నువ్వు!" అని మిఠాయి పెట్టె ఆమె చేతిలో పెట్టారు.

అప్పుడూ చెప్పలేదు నేను. ముగ్గురం ఆ మిఠాయి తిన్నాం. కట్టలు విప్పి చూడాలని పెదనాన్నకి తోచలేదు. ఆమె చేసినవి ఆయన ఎన్నడూ విప్పి చూడలేదు.

మర్నాడు పదకొండింటికి కుసుమొతో, అరిమురా వచ్చారు. కుసుమొతో వస్తూనే, "మెడ ఇంకా ఉందండీ," అన్నాడు. పెదనాన్న ఒక ఎడమ కట్టా ఒక కుడి కట్టా తెచ్చి బల్ల మీద పెట్టారు. అరిమురా చేతులు శుభ్రంగా తుడుచుకుని రెండు అట్టలు తీసి పక్కపక్కన పెట్టింది.

ఇంకో జత తీసింది. కట్ట అడుగు నుంచి ఇంకోటి తీసింది. పెదనాన్న వంగి చూశారు. ఆయన వీపు అలాగే ఉండిపోయింది.

"తప్పయిపోయింది," అన్నారు వంగినవారు లేవకుండానే. "గురి పెట్టింది నేను. పూర్తిగా నా తప్పు."

"మీరెలా పెడతారండీ?" అంది పెద్దమ్మ వంటింటి గుమ్మంలోంచి. టీ పళ్లెం పట్టుకుని ఉంది. "నిన్న మీరు ఊళ్లోనే లేరు కదా. నేను పెట్టాను. మూడు మిల్లీమీటర్లు దిగిపోయి ఉంటే నేనే సరిచేశాను. ఎందుకూ, కలవలేదా?"

ఆమె పళ్లెం బల్ల చివర పెట్టి, అరిమురా భుజం పక్క నుంచి అట్టల్ని చూసింది. "బాగానే కలిసిందే," అంది.

"చాలా బాగా కలిసిందండీ," అంది అరిమురా. "ఇంత బాగా కలపడం ఎవరివల్లా కాదు."

కుసుమొతో చెమట తుడుచుకోవడం మానేశాడు. పెదనాన్న రెండడుగులు వెనక్కి వేసి, చేతులు తొడలకి ఆనించి, నడుము మడత పడేలా వంగారు. అలాగే ఉన్నారు. పెద్దమ్మ ఆయన్ని చూసింది. అట్టల్ని చూసింది. అరిమురా మొహం చూసింది. ఏదో ఒకటి, చాలా దూరం నుంచి నడిచి వస్తున్నట్టు, ఆమె మొహంలోకి మెల్లిగా వచ్చింది. ఏప్రను ముడి విప్పి, మడిచి కుర్చీ మీద పెట్టి, వెళ్లి ఆయన పక్కన నిలబడి, ఆయన వంగినంతా తనూ వంగింది.

వాళ్లు వెళ్లిపోయాక పెద్దమ్మ పైకి వెళ్లి పడుకుంది. పెదనాన్న ఆమె మిషను దగ్గరికి వెళ్లి, పనికి సిద్ధంగా వేడెక్కి ఉన్న అచ్చు స్విచ్చి తీసేశారు. చిన్న ఎర్రదీపం ఆరిపోయింది.

"నేను చూశాను పెదనాన్నా," అన్నాను. "పదింటికే చూశాను. ఆరేడు వందలప్పుడే. చెప్పలేదు."

ఆయన చాలాసేపు అచ్చు మీద చెయ్యి ఆడిస్తూ వేడి తగ్గుతోందో లేదో చూస్తూ ఉండిపోయారు.

"స్నానాలశాల నుంచి తప్పిపోయిందని కూడా చెప్పలేదు నువ్వు," అన్నారు. "టోఫూ కొట్టాయన చెప్పాడు. నేను ఏడాదిగా చూస్తున్నాను మినే. పోయిన వానాకాలం నుంచి."

"మరి..."

"నన్నేం చెయ్యమంటావు?" మొదటిసారి ఆయన గొంతు పెరిగింది. "దాన్ని మిషను దగ్గర్నుంచి లేవమని ఏ నోటితో చెప్పను?" తర్వాత గొంతు మామూలైంది. "చీటీలు రాస్తే సరిపోతుందనుకున్నాను."

కాగితం మళ్లీ తయారై రావడానికి పదకొండు రోజులు పట్టింది. ఈలోపు పాడైన మూడు వేలూ తునకలు చేయాలి. గుట్టు బయటపడకుండా అది షరతు. పెదనాన్న కోత మిషను దగ్గర నిలబడ్డారు. పెద్దమ్మ వచ్చి, ఎవరూ పిలవకుండానే, కట్టలు విప్పి అంచులు సమం చేసి ఆయనకి అందించడం మొదలుపెట్టింది. బల్లకి తట్టి, నాలుగు పక్కలా తిప్పి, ఒక్క అట్ట కూడా బయటికి రాకుండా సర్ది ఇచ్చేది.

"నరికేవాటికి అంత ఎందుకోయ్?" అన్నారు పెదనాన్న ఒకసారి.

"వంకరగా పెడితే కత్తి పాడవుతుంది," అంది.

తునకల మీద వెండి చారలు మెరిశాయి. ఆమె వాటి వైపు చూడలేదు.

జూలై మధ్యలో, పొద్దున అన్నాలు తింటుండగా పెదనాన్న గిన్నెలోకి చూస్తూ అన్నారు. "ఇవాళ అట్టలొస్తాయి. మిషను దగ్గర మినె నుంచుంటుంది."

పెద్దమ్మ ఊరగాయ ముక్క తీసుకుంది. నమిలి మింగింది.

"ఊ," అంది. కాసేపాగి నా వైపు తిరిగింది. "చెమట పట్టే చెయ్యి నీది. ముందు కాస్త పిండి రాసుకో. దవడ వైపు చూడకు. చూస్తే భయం వేస్తుంది. చప్పుడు విను."

మొదటి రోజు రెండు వందలు కూడా కాలేదు. చూపుడు వేలి చివర కాలింది. పెదనాన్న తన మిషను ఆపి, నా వెనక నిలబడి, మళ్లీ మళ్లీ గురి సరిచూసేవారు. మూడు కిందికి. కొలబద్ద పెట్టి, కళ్లజోడు పెట్టి. ఆమె అరచెయ్యి చేసే పనికి మా ఇద్దరికీ అరగంట పట్టేది. పెద్దమ్మ వంటింట్లోనే ఉంది. పళ్లేలు కడిగిన చప్పుడు, కడిగినవే మళ్లీ కడిగిన చప్పుడు వినపడేది. పనిగదివైపు రాలేదు.

మూడో రోజు పెద్దమ్మని ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పెదనాన్నే మాట్లాడి సమయం తీసుకున్నారు. ఆయన ముందే తయారై వీధి గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కుంటున్నారు. నేను మిషను ముందున్నాను. అప్పటికి నా చేతులకి కాస్త లయ చిక్కింది. పెట్టు, తియ్యి. పెట్టు, తియ్యి.

వంటింటికీ పనిగదికీ మధ్య చిన్న మెట్టుంటుంది. అక్కడ పనిగది చెప్పులు రెండు జతలు ఉంటాయి. ఆ మెట్టు మీద పెద్దమ్మ నిలబడి ఉంది. బయటికి వెళ్లేటప్పుడు వేసుకునే నీలం గౌను, మోచేతికి సంచి, పెదాలకి కొంచెం రంగు. ఎంతసేపట్నుంచి ఉందో తెలియదు.

"పనిలో ఉన్నారు, ఏమీ అనుకోకండి," అంది. రెండు చేతులూ ముందు కలిపి పెట్టుకుని, కొత్త ఇంటికి వెళ్లినవాళ్లు వంగినట్టు వంగింది. "ఒక్క నిమిషం లోపలికి రావచ్చా?"

తను మమ్మల్ని మరిచిపోయి అన్న మాటేమో అనుకున్నాను. కానీ ఆమె కళ్లు తేటగా ఉన్నాయి. నన్ను మినెగానే చూస్తున్నాయి.

"రా పెద్దమ్మా," అన్నాను. మిషను ఆపలేదు. మధ్యలో ఆపితే అచ్చు వేడి మారిపోతుంది.

ఆమె చెప్పులు తొడుక్కుని దిగింది. నాకు ఒక అడుగు వెనగ్గా, దేనికీ తగలకుండా, సంచి రెండు చేతులతో ఒంటికి హత్తుకుని నిలబడింది. నాలుగో ఐదో అట్టలు అయ్యేదాకా చూసింది. వాటి దొంతర దగ్గరికి వెళ్లలేదు, ఎడమ దాని పక్కన పెట్టి చూడలేదు. నా చేతులనే చూసింది.

"అడ్డొచ్చాను," అని ఇంకోసారి వంగి, మెట్టెక్కి, చెప్పులు తిప్పి సర్ది పెట్టి వెళ్లిపోయింది.

వీధిలో పెదనాన్న గొడుగు తెరిచిన చప్పుడైంది. ఇద్దరి అడుగులూ సందు మలుపు దాకా వినిపించాయి. దవడ తెరుచుకుంది. నేను ఇంకో అట్ట పెట్టాను.